ముందే తీసుకున్న డబ్బు, ఇంకా తయారుకాని కలాలు

రాజమండ్రి నుంచి ముప్పై నాలుగేళ్ళ పాఠకుడు ఒకరు పెద్ద ఉత్తరం రాశారు. పేరు వేయవద్దన్నారు. ఆయనకు చిన్నప్పటి నుంచి ఇంకు పెన్నులంటే ఇష్టం. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నప్పుడు ఇలాంటి ఇష్టమే ఉన్నవాళ్ళు చాలామంది పరిచయమయ్యారు. నెలకోసారి కలుసుకోవడం, ఒకరి పెన్నుతో ఒకరు రాసి చూడటం, కొత్త ఇంకుల గురించి గంటల తరబడి మాట్లాడుకోవడం. రెండేళ్ళ కిందట ఉద్యోగం మానేసి, స్నేహితుడితో కలిసి సొంత ఊళ్ళో చిన్న షెడ్డు అద్దెకు తీసుకుని ఎబొనైట్ (గట్టిపరచిన రబ్బరు) కలాల కంపెనీ మొదలుపెట్టారు. పాత పెన్నుల కార్ఖానాల్లో నలభై ఏళ్ళు లేతు మీద పనిచేసిన ఒక పెద్దాయన చేయి కలిపారు. ఆయన్ని వీళ్ళు బాబాయి అని పిలుస్తారు.

మొదటి కలానికి ముందస్తు ఆర్డర్లు తీసుకున్నారు. ధర 3,800 రూపాయలు, మూడు నెలల్లో పంపుతామని మాట. 140 మంది పూర్తి డబ్బు కట్టేశారు. ఇప్పటికి ఏడు నెలలైంది. 46 కలాలు వెళ్ళాయి, 94 మిగిలాయి. జర్మనీ నుంచి రావలసిన పాళీలు రెండు నెలలు ఆలస్యంగా వచ్చాయి, వచ్చినవీ అన్నిటికీ సరిపోవు. కొత్త చోట కొన్న ఎబొనైట్ రాడ్లలో లోపాలుండి, ఆరు కలాలకు ఒకటి లేతు మీదే పాడవుతోంది. వచ్చిన డబ్బులో 2,20,000 పెట్టి స్నేహితుడు కంప్యూటర్‌తో నడిచే చిన్న సీఎన్‌సీ మెషిన్ కొన్నాడు. దాన్ని నడపడం ఇద్దరికీ పూర్తిగా రాలేదు, బాబాయి దాని జోలికి పోరు. బ్యాంకులో 72,000 ఉంది.

స్నేహితుడు రెండు దారులు చెబుతున్నాడట. ఒకటి, రెండో మోడల్ ప్రకటించి కొత్త ఆర్డర్లు తీసుకుని, ఆ డబ్బుతో పాతవి పూర్తిచేయడం. రెండు, చైనా నుంచి తయారైన కలాలు తెప్పించి తమ పేరు చెక్కించి అమ్మడం. నాన్నగారు రిటైరైనప్పుడు వచ్చిన గ్రాట్యుటీలో నాలుగు లక్షలు ఇస్తానంటున్నారు. భార్య మాత్రం ఉద్యోగంలో చేరిపొమ్మంటున్నారు. ఇన్నిటి మధ్య, మొదట్లో అందరికంటే ఎక్కువ ప్రోత్సహించిన ఒక సీనియర్ అభిమాని, ఈయన అన్నా అని పిలిచే మనిషి, మొన్న అందరి ముందూ ‘వీళ్ళు మన డబ్బు తినేశారు’ అన్నారట. అప్పటి నుంచి నిద్ర లేదు, ఫోన్ తీయాలంటే భయం, ఆరు వారాలుగా కొన్నవాళ్ళెవరికీ జవాబివ్వలేదు. ‘నేను మోసగాడినా? ఆపేయాలా, కొనసాగించాలా?’ అన్నది ప్రశ్న.

మీ రెండు ప్రశ్నల్లో మొదటిదానికి ముందు జవాబు చెబుతాను. ఆ టెన్షన్ అలాగే ఉంటే రెండోదాని గురించి మీరు సరిగ్గా ఆలోచించలేరు. ఆలస్యం వేరు, మోసం వేరు. కలం చేసి ఇవ్వాలనే డబ్బు తీసుకున్నారు, 46 మందికి ఇచ్చారు, మిగతావాటి పని నడుస్తోంది. ఇందులో మోసం లేదు. కానీ పాతవి ఎప్పటికి పూర్తవుతాయో తెలియకుండా కొత్తవాళ్ళ దగ్గర డబ్బు తీసుకుంటే, ఆ రోజు నుంచి నేను ఈ మాట ఇంత ధైర్యంగా చెప్పలేను. ఇక అన్నగారి మాట అంత గట్టిగా రావడానికి ఆలస్యం సగం కారణమైతే, మీ ఆరు వారాల మౌనం మిగతా సగం. డబ్బు కట్టిన మనిషికి నిజం తెలియనప్పుడు అతను చెడ్డదే ఊహిస్తాడు. మీరైనా అంతే.

ఇప్పుడు లెక్క చూద్దాం. మీరు ఒక కలం ఖర్చు రాసి పంపారు. పాళీ, దానికి ఇంకు అందించే ఫీడ్ కలిపి 1,100, ఇంకు నింపుకునే కన్వర్టర్ 250, ఎబొనైట్ 350, బాబాయి కూలి 600, క్లిప్పు 150, మొత్తం 2,450. కలానికి 1,350 మిగులుతుందని కింద గీత గీసి రాశారు. ఆ గీత దగ్గరే మీ కష్టం మొదలైంది.

పెన్నుల మీద జీఎస్టీ 18 శాతం. వస్తువులు వేరే రాష్ట్రానికి అమ్మేవాళ్ళు సాధారణంగా అమ్మకం ఎంత చిన్నదైనా నమోదు చేసుకోవాలి. బెంగళూరుకీ చెన్నైకీ పంపుతున్నారు కాబట్టి నంబరు తీసుకుని మంచి పని చేశారు. కానీ ధర నిర్ణయించినప్పుడు పన్ను గుర్తురాలేదు. 3,800లో దాదాపు 580 రూపాయలు పన్నే. ముడిసరుకు మీద మీరు కట్టిన పన్ను కొంత సర్దుబాటవుతుంది, అది మీ సీఏ చూస్తారు. పెట్టె, కొరియర్ కలిపి 270 అని ఉత్తరంలో ఇంకోచోట రాశారు, లెక్కలో మాత్రం వేయలేదు. ఆరింట ఒకటి పాడైతే, దాని రాడ్డూ కూలీ కలిపి 950, మిగిలిన ఐదు కలాలు మోయాలి. ఒక్కోదాని మీద 190 పడుతుంది. ఇవన్నీ తీసేస్తే 1,350లో మిగిలేది 310 రూపాయలు. మొత్తం 140 కలాలకూ 43,400. ఏడు నెలలకు పంచితే నెలకు 6,200. అందులోంచే షెడ్డు అద్దె, కరెంటు, మీ ఇద్దరి జీతాలు రావాలి. పాళీలు సమయానికి వచ్చి, రాడ్లన్నీ బాగున్నా ఈ ధరకు ఈ కంపెనీ నిలబడేది కాదు. మీరు బద్ధకస్తులైనందువల్లో, పని రాకపోవడం వల్లో ఇక్కడికి రాలేదు. తక్కువ ధరకు అమ్మారు, ఆ సంగతి మీకు తెలియనివ్వకుండా ముందే చేతికొచ్చిన ఐదు లక్షల చిల్లర అడ్డుపడింది.

పాడైన కలాలకు బాబాయికి కూలి ఇవ్వడం లేదని మీరు రాసిన ఒక్క వాక్యం దగ్గర ఆగిపోయాను. రాడ్డు లోపల గాలిబుడగ ఉంటే మరలు కోసేటప్పుడే అది బయటపడుతుంది. అప్పటికి ఆయన పని ముప్పావు వంతు అయిపోయి ఉంటుంది. లోపం రాడ్డుది, ఆ రాడ్డు కొన్నది మీరు. పాత బాకీతో సహా ఆయనకు ఇవ్వండి. పై లెక్కలో ఆ కూలి కలిపింది అందుకే. ఇది దయతో ఇచ్చేది కాదు, ఆయనకు రావలసిందే. ఇంకో సంగతి కూడా ఉంది. ఆలస్యానికి మీరు పాళీలను, రాడ్లను తప్పుపడుతున్నారు గానీ మీ కార్ఖానా మొత్తం ఒక పెద్దాయన చేతుల మీద నడుస్తోంది. రోజుకు రెండు కలాలు చేస్తారని రాశారు. ఆయనకు వారం రోజులు జ్వరం వస్తే మీ కంపెనీ వారం రోజులు మూతపడుతుంది. ఆయన పక్కన కూర్చుని పని నేర్చుకునే కుర్రాడు ఒక్కడైనా ఉండాలి. సీఎన్‌సీ మీద పెట్టిన డబ్బుతో అలాంటి కుర్రాడికి ఏడాదికి పైగా స్టైపెండ్ వచ్చేది.

ఇక దారులు. మీ స్నేహితుడు చెప్పిన మొదటిదే అన్నిటికంటే ప్రమాదం. కొత్త ఆర్డర్ల డబ్బుతో పాతవి పూర్తిచేయడమంటే, చీటీలు వేయించే మనిషి ఈ నెల కట్టినవాళ్ళ డబ్బుతో పోయిన నెల పాట పాడినవాడికి ఇవ్వడం లాంటిది. నడిచినన్నాళ్ళు బాగానే కనిపిస్తుంది. కంప్యూటర్లకు వాడే మెకానికల్ కీబోర్డుల అభిరుచిలో ఇదే పద్ధతి బాగా వ్యాపించింది. నెలల ముందు డబ్బు కట్టించుకోవడం, ఆలస్యం కావడం, ఇంకో మోడల్ ప్రకటించడం. అలా మునిగిపోయిన చిన్న కంపెనీలు విదేశాల్లో చాలానే ఉన్నాయి. మీ విషయంలో ఇంకో ఇబ్బంది కూడా ఉంది. రెండో మోడల్ కొనేది ఎవరు? మొదటిది కొన్నవాళ్ళే, లేకపోతే వాళ్ళ స్నేహితులు. ఎబొనైట్ కలం కోసం దాదాపు నాలుగు వేలు పెట్టేవాళ్ళు మన దేశంలో ఉన్నారు, కానీ వాళ్ళలో చాలామంది ఒకరికొకరు తెలుసు. 94 మంది ఎదురుచూస్తుంటే కొత్త ప్రకటన చూసి సంతోషించే మనిషి ఆ గుంపులో ఎవరుంటారు?

చైనా కలాల దారిని మీరు అసహ్యించుకుంటూ రాశారు. నేను అంత అసహ్యించుకోను. బయట తయారైన కలాన్ని బయటిదని చెప్పి అమ్మడం గౌరవమైన వ్యాపారమే. వాటిలో చక్కగా రాసేవి చాలా ఉన్నాయి, కొత్తగా ఈ ఇష్టంలోకి వచ్చే కాలేజీ పిల్లలు మొదట కొనేది అవే. దిగుమతి సరుకు మీద ఏ దేశంలో తయారైందో రాయాలని చట్టమూ ఉంది. తప్పంతా దాన్ని దాచడంలో ఉంటుంది. మీ పేరు చెక్కి, రాజమండ్రి చేతిపని అనిపించేలా అమ్మితే మీవాళ్ళు మూత తిప్పే తీరు చూసి, క్లిప్పు చూసి అది ఏ కంపెనీ మోడలో చెప్పేస్తారు. వాళ్ళ ఇష్టమే అది కదా. అప్పుడు ఆలస్యానికి క్షమించినవాళ్ళు కూడా దీనికి క్షమించరు. తెరిచి చెప్పి అమ్మాలనుకుంటే మరో చిక్కు. అక్కడ ధరలో మీరు పెద్ద దిగుమతిదారులతో పోటీ పడాలి, సరుకు ముందే కొని పెట్టుకోవాలి. 72,000 రూపాయలతో, 94 మంది బాకీతో అది ఇప్పుడు చేయదగ్గ పని కాదు. బాకీ తీరాక మళ్ళీ ఆలోచించుకోవచ్చు.

మీ నాన్నగారి డబ్బు గురించి రాయడం కష్టంగా ఉంది. కొడుకు నలిగిపోతుంటే చూడలేక ఇస్తానంటున్నారు. కానీ నాలుగు లక్షలు వస్తే ఏమవుతుంది? కలానికి 310 మిగిలే కంపెనీకి ఇంకో సంవత్సరం ఊపిరి వస్తుంది, ఆ సంవత్సరం తర్వాత ఇదే ఉత్తరం ఇంకా పెద్ద అంకెలతో రాస్తారు. పెట్టుబడిగా తీసుకోవద్దని నా గట్టి అభిప్రాయం. డబ్బు వెనక్కి అడిగినవాళ్ళకు చెల్లించడానికి వేరే దారి లేకపోతే, ఒక లక్ష మించకుండా, ఎప్పటికల్లా తిరిగి ఇస్తారో కాగితం మీద రాసి, మీ అమ్మగారికి, మీ భార్యకు తెలిసేలా తీసుకోండి. ఆ అవసరమే రాకపోవచ్చు కూడా. ఎందుకో చెబుతాను.

94 కలాలు పూర్తిచేయడానికి ఎంత కావాలో మీ అంకెలతోనే వేసి చూశాను. మీ దగ్గర 60 పాళీలు ఉన్నాయి. ఇంకా 34 పాళీలు, కన్వర్టర్లు, పాడయ్యేవాటితో కలిపి 113 రాడ్లు, అన్నిటికీ కూలి, క్లిప్పులు, పెట్టెలు, కొరియర్. దాదాపు 2,08,000 అవుతుంది. చేతిలో 72,000. కొరత 1,36,000. మూల కూర్చున్న సీఎన్‌సీ మెషిన్ కొన్నది 2,20,000కు. నష్టానికి అమ్మినా ఈ కొరత తీరడానికి అవకాశం బాగా ఉంది. మీ స్నేహితుడికి ఇది నచ్చదు. ఆ మెషిన్‌లో ఆయన భవిష్యత్తు చూస్తున్నారు. రోజుకు ఇరవై కలాలు చేస్తామని కల. కానీ రోజుకు ఇరవై చేస్తే నెలకు ఐదు వందలు దాటుతాయి, అన్ని కలాలు ప్రతి నెలా కొనేవాళ్ళు ఎక్కడున్నారు? ఎబొనైట్ కలం బాగా చేస్తే కొన్న మనిషి తర్వాత అతని కూతురు కూడా దాంతో రాస్తుంది. మంచి సరుకు చేసిన కొద్దీ మళ్ళీ కొనాల్సిన అవసరం తగ్గిపోయే వ్యాపారం ఇది. మీ కంపెనీ ఎంత పెద్దదవ్వాలో నిర్ణయించేది మెషిన్ వేగం కాదు, కొనేవాళ్ళ సంఖ్య. ఉత్తరం మొత్తం చదివాక మీకు ముఖ్యంగా చెప్పాలనుకున్నది ఇదే.

మీ ఊరి ఉదాహరణే చూడండి. కె.వి. రత్నం గారు 1932లో రాజమండ్రిలో స్వదేశీ కలాలు చేయడం మొదలుపెట్టారు. గాంధీజీ ఆ కలం వాడి 1935లో మెచ్చుకుంటూ ఉత్తరం రాశారు. బాల్‌పెన్ వచ్చి దేశంలో ఇంకు పెన్ను చాలా ఇళ్ళలోంచి వెళ్ళిపోయాక కూడా ఆ పేరు నిలిచింది. కుటుంబం నడిపే కార్ఖానాగా, చేతిపనిగానే నిలిచింది. మీరు హైదరాబాద్‌లో స్టార్టప్ అన్న వాతావరణంలోంచి వచ్చారు. అక్కడ పెరగకపోతే ఓడిపోయినట్టే లెక్క. ఒక కుటుంబం మర్యాదగా బతికేంత కార్ఖానా నడపడం కూడా గెలుపేనని మీ ఊరు వచ్చి కూడా మీకు ఎవరూ చెప్పలేదేమో.

మీరు ఏ దారి ఎంచుకున్నా ముందు చేయవలసింది ఒకటుంది. 94 మందికీ ఈ వారంలో ఉత్తరం వెళ్ళాలి. ఒక్కొక్కరికీ విడిగా, వాళ్ళ పేరుతో. సంజాయిషీ పొడవుగా వద్దు. ఇలా రాయొచ్చు:

‘మీ కలం ఇంకా తయారు కాలేదు. మూడు నెలలని చెప్పి ఏడు నెలలు చేశాం, ఆరు వారాలుగా మీకు జవాబు కూడా ఇవ్వలేదు. రెండూ మా తప్పే. పాళీలు ఆలస్యమయ్యాయి, కొన్ని రాడ్లు పాడయ్యాయి, డబ్బును మేం జాగ్రత్తగా వాడలేదు. ఇప్పుడు వారానికి ఎనిమిది కలాలు పంపగలం. డబ్బు కట్టిన వరుసలో మీది ఫలానా నంబరు, ఫలానా వారంలో మీకు చేరుతుంది. అంతవరకు ఆగలేనంటే డబ్బు పూర్తిగా వెనక్కి ఇస్తాం. అడిగిన వరుసలో, అరవై రోజుల లోపు. మీవి పూర్తయ్యేదాకా కొత్త ఆర్డర్ ఏదీ తీసుకోం.’

వారానికి ఎనిమిది అని ఎందుకన్నానంటే, బాబాయి ఐదు రోజుల్లో పది మొదలుపెడితే పాడైనవి పోగా ఎనిమిది చేతికొస్తాయి. దాదాపు పన్నెండు వారాల పని. ఆయన్ని తొందరపెట్టి పది చేయించకండి. ఉత్తరంలో ఏడు అని రాసి ఎనిమిది పంపినా నష్టం లేదు, ఎనిమిదని రాసి ఆరు పంపితే మళ్ళీ మొదటికొస్తుంది. మధ్యలో ‘నాది కాస్త లావుగా చేయండి, రంగు మార్చండి’ అని అడిగినవాళ్ళు ఇరవై మంది దాకా ఉన్నారని రాశారు. మీరు అందరికీ సరేనన్నారు, స్నేహితులు కదా అని. ఆ మార్పులన్నీ ఇప్పుడు రద్దు చేయండి. ప్రకటించిన కలమే ఇస్తామని చెప్పండి, ఇష్టం లేకపోతే డబ్బు వెనక్కి. ఒక్కో మార్పు కోసం లేతు మీద కొలతలన్నీ మళ్ళీ సరిచేసుకోవాలి, ఆ సమయమంతా వరుసలో వెనకున్నవాళ్ళ దగ్గర నుంచి తీసుకుంటున్నారు.

దీని ఫలితం ఎలా ఉంటుందో ముందే తెలుసుకోండి. కొందరు డబ్బే అడుగుతారు. అందరూ ఒకేసారి అడిగితే 3,57,200 కావాలి, అది మీ దగ్గర లేదు. అందుకే అరవై రోజుల గడువు, వరుస క్రమం. ఏడు నెలలు ఆగినవాళ్ళలో చాలామందికి కావలసింది కలమేనని, తేదీ తెలిస్తే ఆగుతారని నా నమ్మకం. కొందరు కోపంగా రాస్తారు, చదవండి, జవాబివ్వండి. ఎవరైనా వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేస్తే భయపడకండి, అది వాళ్ళ హక్కు. మీ ఉత్తరం, చెల్లింపుల రికార్డు సిద్ధంగా ఉంటే మీ మాటకు ఆధారం ఉంటుంది.

స్నేహితుడితో మాట్లాడవలసినది ఇంకొకటి ఉంది. మీ ఇద్దరి మధ్య రాతపూర్వక ఒప్పందం లేదని రాశారు. భాగస్వామ్య చట్టం ప్రకారం, రాసుకోకపోతే లాభనష్టాలు సమానం. పైగా కంపెనీ బాకీ మొత్తానికీ ఇద్దరిలో ఎవరినైనా అడగొచ్చు. రేపు ఆయన వెళ్ళిపోతే 94 మందీ మీ గుమ్మం ముందుకు రావచ్చు, మీరు వెళ్ళిపోతే ఆయన గుమ్మం ముందుకు. ఇది ఆయన్ని బెదిరించడానికి చెప్పడం లేదు. ఇద్దరూ ఒకే పడవ మీద ఉన్నారని ఆయనకూ తెలిస్తే మెషిన్ అమ్మే మాట వినే ఓపిక వస్తుంది. ఎవరు ఎంత పెట్టారు, ఎవరి పని ఏది, ఎవరైనా తప్పుకుంటే బాకీ ఎలా పంచుకోవాలి, ఇవి రాసుకోండి. జీఎస్టీ రిటర్నులు ఎవరు వేస్తున్నారో మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. ఇద్దరూ అవతలివాళ్ళు వేస్తున్నారని అనుకుంటున్నట్టయితే ఆలస్య రుసుము పెరుగుతూ ఉంటుంది, రేపే చూసుకోండి.

పన్నెండు వారాల తర్వాత మాట. అప్పుడు మీ ముందు మూడు దారులుంటాయి, మూడూ మర్యాదైనవే.

ఒకటి, మూసేయడం. అందరి కలాలూ పంపేసి, బాబాయి బాకీ తీర్చి, ఇక చేయడం లేదని చెప్పడం. డబ్బు ఎగ్గొట్టకుండా మూసేసిన కంపెనీని ఈ గుంపు గౌరవంగానే తలుచుకుంటుంది. మీరు మళ్ళీ ఆ నెలవారీ కలయికలకు మామూలు అభిమానిగా వెళ్ళగలుగుతారు. ఇప్పుడు మీకు దూరమైపోయింది అదేనని మీ ఉత్తరంలో ప్రతి పేజీలో కనిపించింది.

రెండోది, మీ భార్య చెప్పినట్టు ఉద్యోగంలో చేరి, కార్ఖానాను చిన్నగా ఉంచడం. హైదరాబాద్ వెళ్ళిపోతే లేతు పని చూసుకునేవాళ్ళు ఉండరు కాబట్టి, ఇంటి నుంచి చేసే ఉద్యోగం దొరుకుతుందా అన్నదాని మీద ఇది ఆధారపడుతుంది. ముందస్తు ఆర్డర్లు పూర్తిగా మానేయాలి. నెలకు ఇరవై కలాలు చేయడం, చేసినవి అమ్మడం, అంతే. ఆదాయం తక్కువ, పెరుగుదల నెమ్మది, కానీ ఎవరి డబ్బూ మీ దగ్గర ఉండదు. ఇల్లు జీతం మీద నడుస్తుంది కాబట్టి కలం ధర భయంతో తగ్గించే అవసరమూ ఉండదు. నిజం చెప్పాలంటే మీ ఉత్తరం చదువుతున్నంతసేపూ నా మనసు ఈ దారి వైపే మొగ్గింది. కానీ నిర్ణయం మీది, మీ ఇంట్లోవాళ్ళది.

మూడోది, పూర్తికాలం కొనసాగించడం. అలాగైతే ఈ ధర పనికిరాదు. 3,800 కలాన్ని 5,200కు అమ్మితే పన్ను పోగా చేతికి దాదాపు 4,400 వస్తుంది. అన్ని ఖర్చులూ పోను కలానికి పదిహేను వందలు మిగులుతుంది. నెలకు ముప్పై అమ్మగలిగితే 45,000. అద్దె, కుర్రాడి స్టైపెండ్ పోగా ఒకరి ఇల్లు గడుస్తుంది, ఇద్దరివి గడవవు. ఆ ధరకు కొనేవాళ్ళు తగ్గుతారు, విదేశాల్లోని మనవాళ్ళకు, అక్కడి అభిమానులకు పంపాల్సి వస్తుంది. దానికి ఎగుమతి కాగితాలు, విరిగి వచ్చినవాటి ఖర్చు ఉంటాయి. పాత కలాల మరమ్మతు కూడా ఇందులో కలపండి. తాతగారి కలం డ్రాయర్‌లో ఎండిపోయి పడున్న ఇళ్ళు మన రెండు రాష్ట్రాల్లో ఎన్నో. పాళీ సరిచేయడం, ఫీడ్ శుభ్రం చేయడం, పగిలిన మూత స్థానంలో కొత్తది లేతు మీద చేసివ్వడం బాబాయికి వచ్చిన పని. సరుకు కొని పెట్టుకోనక్కర్లేదు, పని అయ్యాకే డబ్బు తీసుకోవచ్చు. కొత్త కలం కొన్నవాళ్ళు మళ్ళీ ఏడాది దాకా రాకపోయినా, మరమ్మతుకు వచ్చేవాళ్ళు వస్తూనే ఉంటారు. ఈ పన్నెండు వారాల్లోనే కొద్దిగా మొదలుపెట్టి చూడొచ్చు, కానీ ఆయన సాయంత్రాలు తినేయకుండా.

అన్నగారి విషయం చివరికి ఉంచాను. ఆయనా ఒక కలానికి డబ్బు కట్టారు. మీరు చేస్తారని తన స్నేహితులకు హామీగా చెప్పి వాళ్ళ చేత కూడా కట్టించారు. వాళ్ళు ఇప్పుడు ఆయన్ని అడుగుతున్నారు. ఆయన అన్న మాట తప్పే, అందరి ముందు అనడం ఇంకా తప్పు. కానీ ఆ మాట అనేముందు మీకు నాలుగుసార్లు ఫోన్ చేశారని మీరే రాశారు. మిగతావాళ్ళకు ఉత్తరం వెళ్ళేముందు ఆయనకు ఫోన్ చేయండి. తన కలం ముందు పంపమని అడిగితే ఒప్పుకోకండి, వరుస మారదని చెప్పండి. ఆయన పరువు కాపాడాలంటే ఆయన చెప్పి కట్టించినవాళ్ళకు మీరే స్వయంగా, ఆయన తప్పేమీ లేదని రాయండి. ఆయన మళ్ళీ పాత అన్నలా ఉంటారో లేదో నేను చెప్పలేను. కొన్నాళ్ళు కేవలం కొన్న మనిషిగానే మాట్లాడొచ్చు. ఆయన లెక్క తీరేదాకా మీరూ ఆయన్ని ముందు కొన్న మనిషిగానే చూడాలి.

ఇంట్లో ఈ అంకెలన్నీ మీ భార్య ముందు పెట్టండి. ఉద్యోగంలో చేరిపొమ్మని ఆమె అంటున్నది కలాల మీద కోపంతో కాదనుకుంటాను. ఇది ఎప్పటికి తేలుతుందో ఆమెకు తెలియదు. ఇప్పుడు పన్నెండు వారాలని చెప్పగలరు. ఆ తర్వాత మూడు దారుల్లో ఏదో ఇద్దరూ కూర్చుని తేల్చుకునే తేదీ కూడా ఈ రోజే పెట్టుకోండి. నాన్నగారికి మాత్రం, డబ్బు ప్రస్తుతానికి బ్యాంకులోనే ఉంచమని ఈ పూటే చెప్పేయండి.